పంచుకొనక ముందే తరిగిపోవు స్వాస్థ్యము



ఉప్పు మడులలో కూలి, నాలుగు మళ్ల వరి, పెరటిలో కొన్ని కొబ్బరి చెట్లు. నౌపడ చుట్టుప్రక్కల చాలా ఇండ్ల బ్రదుకు ఇదే. తండ్రి విడిచి వెళ్లిన ఎకరమో అరెకరమో ఉంటే అన్నదమ్ములలో ఒకడు దున్నుకొనుచుండును, మరియొకడు విశాఖపట్నమో హైదరాబాదో చెన్నయో వెళ్లి పనిచేసికొనుచుండును. అప్పచెల్లెళ్లు పండుగకు వచ్చి ఒక మూట బియ్యము తీసికొని వెళ్లుదురు. కాగితముల మాట ఎవరును ఎత్తరు.

మన సంతబొమ్మాళి మండలములోని మూలపేట వద్ద 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరిగినది. భూమి విలువను గూర్చి ఇంటింటను మాటలు మొదలైనవి. దున్నుచున్న అన్న, "ఇన్నేండ్లు పన్ను కట్టినది నేను" అనును. ఊరు విడిచిన తమ్ముడు, "నా వాటా నాకు చూపించు" అనును. కట్నమిచ్చి పంపించిన చెల్లెలికి ఏమి హక్కు ఉన్నదని ఇద్దరును కలిసి అందురు. అంతవరకు ఒకే బల్ల యొద్ద రొట్టె విరిచిన వారు వేరువేరు బెంచీలలో కూర్చుందురు. తరువాత ఒకరు టెక్కలి బస్సెక్కి వకాల్తా మీద సంతకము పెట్టుదురు.

సేవకులముగా మేము ఈ సంగతులను అనేక కుటుంబములలో చూచుచున్నాము. సంఘముల ఆస్తుల కొరకే కోర్టు మెట్లెక్కిన సంగతులు మనకు తెలియనివి కావు. గనుక ఈ వ్యాసములోని మాటలు మొదట సేవకులమైన మాకు, తరువాత మీకును.

ప్రభువు ఎందుకు పంచిపెట్టలేదు?

లూకా సువార్త 12వ అధ్యాయములో జనసమూహములోనుండి ఒకడు యేసు ప్రభువు నొద్దకు వచ్చి, తన సహోదరుడు తండ్రి ఆస్తిలో భాగమిచ్చునట్లు చెప్పుమని అడిగెను. అతని ఫిర్యాదు అబద్ధమని ప్రభువు అనలేదు. అయితే తీర్పరిగా కూర్చుండుటకు ఒప్పుకొనక, లోభమునకు ఎడమివ్వవద్దని అక్కడ ఉన్న వారందరిని హెచ్చరించెను. ఆ హెచ్చరిక అడిగిన తమ్మునికి ఎంతో, ఇవ్వని అన్నకును అంతే.

సామెతల గ్రంథము 17వ అధ్యాయము 14వ వచనము కలహారంభమును నీటి గట్టుకు గండి కొట్టుటతో పోల్చుచున్నది. చెరువు క్రింద మడులున్న వారికి ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు. గండి జానెడు ఉన్నప్పుడు ఒక గంప మట్టితో మూయవచ్చును. తెల్లవారు వరకు ఆగితే ఊరంతా కూడినను ఆగదు.

ఒక అబ్రాహాము కుటుంబపు కథ

మన క్రైస్తవుల వారసత్వ చట్టము వెనుక ఒక క్రైస్తవ కుటుంబపు తగవే ఉన్నదని మనలో కొద్దిమందికే తెలియును. బళ్లారిలో మత్తయి అబ్రాహాము అను క్రైస్తవుడు ఉండెను. తక్కువ కులమని చూడబడిన తమిళ కుటుంబములో పుట్టి, వ్యాపారములో పైకి వచ్చిన మనిషి. ఆయన భార్య షార్లెట్ యురేషియను కుటుంబపు స్త్రీ. తమ్ముడు ఫ్రాన్సిస్ వ్యాపారములో ఆయనతో కలిసి పనిచేసెను. 1842లో మత్తయి వీలునామా వ్రాయకుండ చనిపోయెను.

వ్యాపారము తమ్ముని చేతిలో నడిచినది. వదినకును మరిదికిని పొసగక 1854లో షార్లెట్ బళ్లారి సివిలు కోర్టులో దావా వేసెను. మాది హిందూ ఉమ్మడి కుటుంబము వంటిది గనుక నాకును భాగమున్నదని ఫ్రాన్సిస్ వాదన. మేము క్రైస్తవులము, ఆ చట్టము మాకు వర్తించదని షార్లెట్ వాదన. ఆ కుటుంబము ఏ దుస్తులు ధరించెను, ఏమి భోజనము చేసెను, ఎవరితో కలిసి మెలిసి యుండెను అని సాక్షులను అడిగిరి. ఒక ఇంటి లోపలి సంగతులన్నియు కోర్టు కాగితముల కెక్కినవి. బళ్లారిలో మొదలైన దావా మద్రాసు పై కోర్టు దాటి, సముద్రము దాటి, లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు వెళ్లెను. 1863లో తీర్పు వచ్చెను. క్రైస్తవుడైన వానిని హిందూ ఉమ్మడి కుటుంబ చట్టము దానంతటదే కట్టివేయదని, ఈ కుటుంబము ఆ చట్టము క్రింద లేదని ఆ తీర్పు సారాంశము.

ఆ తరువాత 1865లో ఇండియన్ సక్సెషన్ చట్టము వచ్చెను. దాని స్థానములో 1925లో వచ్చిన చట్టమే నేటికిని మనకు వర్తించుచున్నది. మత్తయి అబ్రాహాము చనిపోక ముందు ఇద్దరు సాక్షుల ఎదుట ఒక్క కాగితము వ్రాసియుండినయెడల ఆ వదినా మరుదులు తొమ్మిదేండ్లు కోర్టుల చుట్టూ తిరుగవలసి వచ్చెడిదా? ఆదికాండము 13లోని అబ్రాహాము పశువుల కాపరుల కలహము చూచి, పెద్దవాడైయుండియు లోతునే మొదట కోరుకొనుమనెను. ఆ ఒక్క మాటతో వారి తగవు తీరెను.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన తగవులలో సగము తెలియక వచ్చునవే. కాబట్టి ముఖ్యమైన సంగతులు ఇక్కడ వ్రాయుచున్నాము.

క్రైస్తవుడు వీలునామా లేకుండ చనిపోయినయెడల భార్యకు ఆస్తిలో మూడవ వంతు వచ్చును. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికి సమానముగా చెందును. కొడుకు, కూతురు అను తేడా లేదు. పెండ్లి అయిన కూతురు, కాని కూతురు అను తేడాయు లేదు. ఉదాహరణకు మూడెకరముల పొలము, భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారనుకొందము. తల్లికి 100 సెంట్లు. పిల్లలు నలుగురికి తలా 50 సెంట్లు. భార్య ముందుగా చనిపోయి ఆమె పేరున ఆస్తి ఉన్నయెడల, భర్తకును ఇదే లెక్క వర్తించును.

"చెల్లెలికి కట్నమిచ్చితిమి గదా, అదే దాని వాటా" అను మాట ప్రతి ఊరిలోను వినుచున్నాము. కట్నము 1961 నుండి నేరము. అది అటుండగా, తండ్రి బ్రదికియున్నప్పుడు ఏ బిడ్డ కొరకు ఏమి ఖర్చు పెట్టినను దానిని వాటాలోనుండి తగ్గించకూడదని 1925 చట్టము 49వ సెక్షను చెప్పుచున్నది. కూతురి పెండ్లి ఖర్చుకు ఈ సూత్రము ఎంతో, కొడుకు చదువుకు పెట్టిన ఖర్చుకును అంతే.

"తాత ఆస్తి గనుక పుట్టుకతోనే నాకు హక్కు" అని కొడుకులు తండ్రిని నిలదీయుటయు చూచుచున్నాము. 1925 చట్టము క్రింద క్రైస్తవులకు పుట్టుకతో వచ్చు హక్కు లేదు. తండ్రికి వచ్చినది తండ్రిదే, ఆయన బ్రదికియున్నంత వరకు కొడుకు వాటా అడుగజాలడు. అయితే ఆయన కన్ను మూసిన దినమున కూతురు కూడ కొడుకుతో సమానముగా హక్కుదారు అగును.

కాగితములలో కొన్ని కుటుంబములు ఒక మతముగాను, సంఘపు పుస్తకములో మరియొకటిగాను ఉన్నవి. అట్టివారి దావాలో మొదటి తగవే "తండ్రి క్రైస్తవుడా, కాదా" అను దాని మీద నడుచును. కాని కూతురి సంగతిలో ఆ వాదన వలన లాభము లేదు. హిందూ వారసత్వ చట్టము 2005 సవరణ ప్రకారము కూడ కూతురికి కొడుకుతో సమాన హక్కే. ఏ తలుపున వెళ్లినను చెల్లెలు గుమ్మములోనే నిలిచియుండును.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. సెలోపెహాదు కుమార్తెలైన మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా మోషే ఎదుట నిలిచి తండ్రి స్వాస్థ్యమును అడిగిరి. వారి మాట న్యాయమని దేవుడే చెప్పినట్లు సంఖ్యాకాండము 27లో చదువుచున్నాము. యోబు తన కుమార్తెలకు వారి సహోదరులతో పాటు స్వాస్థ్యమిచ్చెను.

ఖర్చు ఎక్కడెక్కడ పుట్టును?

భాగపు దావా వేయుటకు కోర్టు ఫీజు ఒక్కటే ఖర్చు అని చాలామంది తలంచుదురు. వాటాదారుడు ఉమ్మడి స్వాధీనములో ఉన్నాడని చెప్పగలిగినయెడల ఆ ఫీజు స్వల్పమే. స్వాధీనము నుండి త్రోసివేయబడినవాడైతే వాటా విలువను బట్టి ఫీజు కట్టవలెను. ఇది మొదటి మెట్టు మాత్రమే.

తరువాత ప్లీడరు ఫీజు. గుమస్తా, టైపు, జిరాక్సు, నకళ్లు. తరువాత వాయిదాలు. ముగ్గురు వాటాదారులు ఏడాదికి పది వాయిదాలకు వెళ్లిరనుకొందము. ఛార్జీలు, భోజనము, పోయిన కూలి కలిపి మనిషికి 700 రూపాయలు వేసికొనినను ఏడాదికి 21,000 అగును. ఎనిమిదేండ్లు నడిచినయెడల 1,68,000. ప్లీడరు ఫీజు ఈ లెక్కలో లేదు. మీ ఇంటి అంకెలు వేసి మీరే లెక్క కట్టి చూడుడి.

భాగపు దావాకు ఒక తీర్పు సరిపోదు. మొదట ఎవరికి ఎంత వాటా అని ప్రాథమిక డిక్రీ వచ్చును. దానితో ఒక్క సెంటు కూడ చేతికి రాదు. తుది డిక్రీ కొరకు మరల పిటిషను వేయవలెను. కోర్టు అడ్వొకేటు కమిషనరును నియమించును. ఆయన సర్వేయరుతో వచ్చి కొలిచి, హద్దులు గీసి రిపోర్టు ఇచ్చును. ఆ ఫీజులు వాటాదారులవే. తుది డిక్రీని స్టాంపు కాగితము మీద వ్రాయించు ఖర్చును వారిదే. పంచుటకు వీలులేని చిన్న ఇల్లయితే, 1893 నాటి పార్టిషను చట్టము ప్రకారము అమ్మి సొమ్ము పంచుమని కోర్టు చెప్పవచ్చును. మధ్యలో ఒక వాటాదారుడు చనిపోయినయెడల 90 దినములలో అతని వారసులను దావాలో చేర్చవలెను. అట్లు తండ్రుల తగవు పిల్లలకు స్వాస్థ్యముగా వచ్చును. ఓడినవాడు అప్పీలుకు జిల్లా కోర్టుకు, ఆపైన అమరావతిలోని హైకోర్టుకు వెళ్లవచ్చును. చివరకు ఎవరి ఖర్చులు వారే భరించవలెనని డిక్రీలో వ్రాయుట తరచుగా జరుగును.

ఇంతలో పొలము సంగతి ఏమి? దావాలో ఉన్న భూమిని కొనినవాడు కోర్టు తీర్పుకు కట్టుబడవలెను గనుక మంచి ధరకు కొనువాడు రాడు. గట్టు తెగినను "నాదే అని తేలనీ" అని ఎవరును బాగుచేయరు. ప్రభుత్వము భూమిని తీసికొనినప్పుడు కూడ ఇదే చిక్కు. 2014 జనవరి 1 నుండి అమలులో ఉన్న భూసేకరణ చట్టము ప్రకారము, పరిహారపు పంపకములో తగవు ఉన్నయెడల ఆ సొమ్మును చేతికివ్వక సంబంధిత అథారిటీ యొద్ద జమ చేయుదురు. తగవు తీరు వరకు ఆ రూపాయలు ఎవరికిని అక్కరకు రావు.

దీనికి ప్లీడర్లను నిందించుట న్యాయము కాదు. వారు తమ పని తాము చేయుచున్నారు. అయితే ఒక సంగతి తెలిసియుండుడి. గెలిచినయెడల ఆస్తిలో ఇంత భాగమిమ్మని ఒప్పందము చేసికొనుట బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమములకు విరుద్ధము. ఫీజు ఎంతో ముందుగానే అడుగుడి, ఇచ్చిన దానికి రసీదు తీసికొనుడి.

బ్రదికియుండగానే చేయవలసిన పని

యెషయా ప్రవక్త హిజ్కియా రాజు నొద్దకు వచ్చి ఇల్లు చక్కబెట్టుకొనుమని చెప్పిన సంగతి మనకు తెలియును. మన ఇండ్లలో వీలునామా మాట ఎత్తితే అపశకునమని అందురు. అపశకునములను నమ్మనివారము ఈ ఒక్కదానికి ఎందుకు భయపడవలెను?

వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు, తెల్ల కాగితము చాలును. ఏ సర్వే నంబరు ఎవరికి అని స్పష్టముగా వ్రాసి సంతకమో వేలిముద్రో వేయవలెను. ఇద్దరు సాక్షులు దానిని చూచి, వ్రాసినవాని ఎదుట సంతకములు చేయవలెను. వాటా పొందువారు గాని, వారి భార్యాభర్తలు గాని సాక్షులుగా ఉండకూడదు. ఉన్నయెడల వారికి వ్రాసినది చెల్లదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో చేయించుట మంచిది. భార్య చనిపోయి మరల వివాహము చేసికొనినవారు క్రొత్త వీలునామా వ్రాయవలెను, ఏలయనగా వివాహముతో పాతది రద్దగును. 2002 సవరణ తరువాత క్రైస్తవుల వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి కాదు.

సంఘమునకు భూమి వ్రాయుట మీద క్రైస్తవులకు మాత్రమే ఉన్న కట్టుబాటును 2003లో జాన్ వల్లమట్టం కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసెను. ఇప్పుడు అట్లు వ్రాయవచ్చును. కాని భార్యకును పిల్లలకును చూపకుండ సంఘమునకు వ్రాయుమని ఏ సేవకుడును ప్రేరేపించకూడదని మా మనవి.

బ్రదికియుండగానే దస్తావేజు వ్రాసి ఇచ్చివేయు తలిదండ్రులు తమ పోషణ సంగతి అందులో షరతుగా వ్రాయించుకొనవలెను. అట్లు వ్రాయించుకొని, పిల్లలు చూడకపోయినయెడల 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము ప్రకారము ఆర్‌డీఓ గారి ట్రిబ్యునలులో ఆ బదలాయింపును రద్దు చేయించుకొనవచ్చును.

తగవు వచ్చిన తరువాత

రూతు గ్రంథము 4వ అధ్యాయములో బోయజు పొలపు సంగతిని ఊరి గవిని యొద్ద పదిమంది పెద్దల ఎదుట ఒక్క పూటలో తేల్చెను. మనకును ఊరి పెద్దలున్నారు, సంఘ పెద్దలున్నారు. అయితే మూడు సంగతులు జాగ్రత్త. ఒకటి, అప్పచెల్లెళ్లు ఆ కూడికలో కూర్చుండవలెను, వారి తరపున మాట్లాడు పెద్ద ఒకరు ఉండవలెను. రెండు, ఆదరణ కూడికకు వచ్చి ఏడ్చుచున్న ఆడబిడ్డ చేత ఆ దినమే హక్కు విడుదల పత్రము మీద సంతకము చేయించకూడదు. మూడు, పెద్దలు చెప్పినది మాటగా విడువక, భాగ పరిష్కార దస్తావేజుగా వ్రాసి రిజిస్టరు చేయించవలెను. పట్టాదారు పాసుపుస్తకములో అన్న పేరు ఒక్కటే ఎక్కినంత మాత్రమున మిగిలిన వారి హక్కు పోదు, పంచుకొనినట్లును కాదు.

పెద్దల వలన కాకపోయినయెడల లోక్ అదాలతు ఉన్నది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులో ఉన్నది. దావా వేయక ముందే అక్కడికి వెళ్లవచ్చును. దావాలో ఉన్నదానిని కూడ అక్కడ రాజీ చేసికొనినయెడల కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానము, దాని మీద అప్పీలు లేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఉచితముగా ప్లీడరును ఇచ్చుదురు. స్త్రీకి ఆదాయపు హద్దు కూడ లేదు. 15100 అను నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును.

ఎవరి మౌనముతో కొనిన సమాధానము?

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయములో సహోదరుని మీద సహోదరుడు వ్యాజ్యమాడుటను పౌలు గద్దించెను. ఈ వాక్యమును మన ఇండ్లలో ఎవరికి వినిపించుచున్నామో ఆలోచించుడి. వాటా అడిగిన చెల్లెలికి, విధవరాలైన వదినకు వినిపించుచున్నాము. వాటా బిగపట్టిన అన్నకు వినిపించుచున్నామా? అదే అధ్యాయములో, సహోదరులకే అన్యాయము చేసి వారి సొత్తు అపహరించు వారిని కూడ పౌలు గద్దించెను. ఆ పౌలే తనకు న్యాయము దొరకనప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందునని అడిగెను.

కాబట్టి కోర్టు ఖర్చు చూపించి బలహీనుల నోరు మూయుట కొరకు ఈ వ్యాసము వ్రాయలేదు. అన్నియు చేసినను తన భాగము దక్కని స్త్రీ కోర్టుకు వెళ్లినయెడల ఆమె విశ్వాసములో తక్కువైనది కాదు. ఆమెతో టెక్కలి వరకు వెళ్లుటకు సంఘములో ఒక పెద్ద సిద్ధముగా ఉండవలెను. ఇవ్వవలసిన వాడు ముందుగా ఇచ్చినయెడల ఆమెకు ఆ బస్సు ఎక్కవలసిన పని ఉండదు. వాయిదాలకు పోసిన సొమ్ము ఎవరికిని తిరిగి రాదు. చెల్లెలికి ఇచ్చిన యాబది సెంట్లు కుటుంబములోనే ఉండును.

ఇండ్ల యజమానులకు మా మనవి ఇది. ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థన అయిన తరువాత పెట్టెలోని కాగితములు బయటికి తీయుడి. పాసుపుస్తకము, పాత దస్తావేజులు, తండ్రి మరణ ధ్రువపత్రము, బాప్తిస్మపు, వివాహపు ధ్రువపత్రములు ఒక చోట పెట్టుడి. కొడుకులను, కూతుళ్లను అందరిని పిలిచి ఏది ఎవరికి అని వారి ముఖము చూచి చెప్పుడి. చెప్పినది వ్రాయించుడి. దూరమున ఉన్న బిడ్డకు ఫోనులో చదివి వినిపించుడి.

మీరు లేని దినమున మీ పిల్లలు ఒకే బల్ల యొద్ద కూర్చుండునట్లు ప్రభువు మీకు జ్ఞానము, ధైర్యము దయచేయును గాక. ఆమేన్.